దానియేలు హాస్టల్లో చేరిన రోజు

ఇంజినీరింగు హాస్టల్లో నా మొదటి రాత్రి. ట్రంకుపెట్టెలో అమ్మ సర్దిన సామాను ఇప్పటికీ వరసగా గుర్తుంది. పైన దుప్పటి, దాని కింద గోంగూర పచ్చడి సీసా, జంతికల డబ్బా, నాలుగు జతల బట్టలు, అన్నిటికీ అడుగున నల్ల అట్ట బైబిలు. పచ్చడి సీసా ఆ రాత్రే బయటికొచ్చింది. బైబిలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు. వాళ్ళు నన్నేమీ అనలేదు. నేను ఏ మతం వాణ్ణో కూడా వాళ్ళకింకా తెలియదు. అయినా దాన్ని తీసి అలమారలో పెట్టడానికి చెయ్యి రాలేదు. దుప్పటి కప్పుకుని, పెదవులు కదలకుండా ప్రార్థన చేసుకునేవాణ్ణి.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆదివారం సాయంత్రాలు మా ఇంటి వరండాలో కొందరు పిల్లలు కూడుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళని ఒక ప్రశ్న అడుగుతాను: "నీ బైబిలు పెట్టెలోంచి ఎన్నో రోజున బయటికొచ్చింది?" ఫోన్లోనే ఉంది సార్ అంటారు చాలామంది. ఫోన్లో ఉన్న బైబిలు మరీ భద్రం, ఎవరికీ కనపడదు. ఇంకాసేపు కూర్చున్నాక అసలు మాట బయటికొస్తుంది. ఇంటి దగ్గర సండే స్కూల్లో పాఠాలు చెప్పిన అమ్మాయి, క్రిస్మస్ నాటకంలో యోసేపు వేషం వేసిన అబ్బాయి, ఇక్కడికొచ్చాక తామెవరో చెప్పుకోలేక నలిగిపోతున్నారు. లేదా దానికి పూర్తిగా విరుద్ధంగా, వచ్చిన వారానికే గదిలో అందరితో వాదనకు దిగి ఒంటరైపోయారు.

తమ్ముడూ, చెల్లీ, ఈ రెండు రకాల వాళ్ళకీ నేను మొదట దానియేలు గ్రంథం మొదటి అధ్యాయమే చదవమంటాను. సింహాల గుహ ఆరో అధ్యాయంలో వస్తుంది. మనకి చిన్నప్పటినుంచీ ఆ కథే చెప్పారు గానీ, కాలేజీలో కాలుపెట్టినవాళ్ళకి కావలసింది అంతకు ముందరి కథ. యెరూషలేములో మంచి కుటుంబాల్లో పుట్టిన కుర్రాళ్ళని ఎత్తుకొచ్చి బబులోను రాజు కొలువులో చదువుకు పెట్టారు. మూడేళ్ళ కోర్సు. కల్దీయుల భాష, కల్దీయుల సాహిత్యం. మెస్సు రాజుగారిదే. చేరగానే పేర్లు మార్చేశారు. దానియేలు బెల్తెషాజరయ్యాడు, హనన్యా షద్రకయ్యాడు, మిషాయేలు మేషాకయ్యాడు, అజర్యా అబేద్నెగో అయ్యాడు. తమ దేవుడి పేరు ధ్వనించే పేర్లు తీసేసి కొత్త పేర్లు పెట్టారు. ఊరు పోయింది, గుడి పోయింది, పేరూ పోయింది. అంత కష్టం మన హాస్టళ్ళలో ఎవరికీ రాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడు. దానియేలు దేన్ని ఒప్పుకున్నాడు, దేన్ని కాదన్నాడు? సిలబస్ ఒప్పుకున్నాడు. అందులో అతని విశ్వాసానికి పొసగని కథలు ఎన్నో ఉండి ఉంటాయి, అయినా కూర్చుని నేర్చుకున్నాడు, అదీ అందరికన్నా బాగా. కొత్త పేరుతో పిలిస్తే పలికాడు. దూరదేశపు రాజు దగ్గర ఉద్యోగానికి తయారయ్యాడు. కాదన్నది ఒక్కటే, రాజుగారి బల్ల మీది భోజనం, ద్రాక్షారసం. అది తనని అపవిత్రం చేస్తుందని నమ్మాడు. ఆ నిర్ణయం పళ్ళెం ముందుకొచ్చాక చేసుకున్నది కాదు. ముందే మనసులో ఖాయం చేసుకున్నాడు.

నా మట్టుకు నాకు కాలేజీ విశ్వాసమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. దేన్ని కాదనాలో ముందే, ఒంటరిగా ఉన్నప్పుడు, దేవుని ముందు తేల్చుకోవాలి. ఆ పట్టిక చిన్నదిగా ఉండాలి. ప్రతిదాన్నీ కాదనేవాడి మాటకి విలువ ఉండదు, ఏదీ కాదననివాడికి అసలు మాటే ఉండదు.

మూడో సంగతి, అడిగిన తీరు. ఇది మన ప్రసంగాల్లో తక్కువ వినపడుతుంది. దానియేలు ముందు అష్పెనజు అనే పెద్ద అధికారిని వేడుకున్నాడు. ఆయన భయపడ్డాడు. మీ ముఖాలు పీక్కుపోతే రాజు నా తల తీయిస్తాడన్నాడు. దానియేలు ఆయన్ని దేవుని విరోధి అనలేదు. ఆ భయాన్ని అర్థం చేసుకుని, తమ బాగోగులు చూసే మనిషి దగ్గరికి వెళ్ళి ఒక పద్ధతి చెప్పాడు. పది రోజులు మాకు శాకధాన్యాదులు, నీళ్ళు ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు. గడువుంది, పరీక్షుంది, ఎదుటివాడికి ప్రమాదం లేకుండా చూసే మర్యాద ఉంది. ఆదివారం ఉదయం స్పెషల్ క్లాసులు పెట్టారనో, ఆరాధన సమయానికి స్లిప్ టెస్టు వేశారనో నా దగ్గరికొచ్చే పిల్లలకి ఇదే చెబుతాను. హెచ్‌ఓడీ గారి గదికి గుంపుగా వెళ్ళకండి. ఒక్కరో ఇద్దరో వెళ్ళండి. "మేడమ్, ఆరాధన పదకొండున్నరకల్లా అయిపోతుంది. మధ్యాహ్నం రెండు గంటలకి మమ్మల్ని కూర్చోబెట్టి అదే టెస్టు పెట్టండి, పేపరు వేరేది ఇచ్చినా ఫర్లేదు" అని అడగండి. ఒప్పుకున్న సందర్భాలే ఎక్కువ చూశాను. ఒప్పుకోకపోతే సాయంత్రం ఆరాధన ఉన్న మందిరం వెతుక్కోండి, మన ఊళ్ళలో దానికి కొరత లేదు.

ఇక పట్టికలో ఏం రాసుకోవాలి? నేనైతే అన్నిటికన్నా ముందు కాపీ కొట్టకపోవడం రాస్తాను. సిగరెట్టు, మందు, సినిమాలు అని మొదలుపెడతారు చాలామంది పెద్దలు. వాటి సంగతి మీకు ఇంటి దగ్గరే చెప్పి పంపారు. కాపీ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అందరూ చేస్తారు గనక అది పాపంలా కనపడదు. ఇంటర్ ల్యాబులో సింపుల్ పెండ్యులం గుర్తుందా? జి విలువ 980 రావాలని ముందే తెలుసు. అందుకని జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కగట్టి రీడింగులు నింపుతాం. అక్కడ మొదలవుతుంది. తర్వాత రికార్డులు పక్కవాడివి చూసి దించడం, 75 శాతం హాజరు కోసం ప్రాక్సీ పలికించుకోవడం, మిడ్స్‌లో చిట్టీలు, ఆఖరి సంవత్సరం అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కున్న ప్రాజెక్టు మీద మన పేరు.

ఇది నేను ఎత్తున నిలబడి చెబుతున్న మాట కాదు. రెండో ఏడు మిడ్స్‌లో నా ముందు కూర్చున్న స్నేహితుడి పేపర్లోంచి రెండు జవాబులు దించాను. అప్పటికి మా హాస్టల్ ప్రార్థన గుంపులో పాటలు నడిపించేవాణ్ణి నేనే. ఆ వారాంతం అదే స్నేహితుణ్ణి కూడికకు రమ్మని పిలిచాను. వాడు చదువుతున్న పుస్తకం మూసి నా ముఖంలోకి చూసి, "మొన్న నా పేపర్లో చూసి రాసినోడివి, ఇవాళ నాకు వాక్యం చెప్తావా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండు రోజులు తిండి సహించలేదు. లూకా సువార్తలో జక్కయ్య కథ చదివాను. యేసు ఇంటికొచ్చాక ఆ సుంకరి పాట పాడలేదు, కన్నీళ్ళు కార్చినట్టూ రాసి లేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నేను ఆ సబ్జెక్టు లెక్చరర్ దగ్గరికెళ్ళి చెప్పాను, స్నేహితుడి పేరు మాత్రం చెప్పలేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ రెండు జవాబుల మార్కులు కొట్టేశారు. ఆ సెమిస్టర్ సబ్జెక్టు పోయింది, సప్లీ రాయాల్సొచ్చింది. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఫీజు కోసం ఫోన్ చేసి జరిగిందంతా చెబితే, "సరేలే, కడదాం" అని ఊరుకున్నారు. ఆ రెండు మాటల బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఆ స్నేహితుడు కూడికకు ఎప్పుడూ రాలేదు. కానీ నాతో అలా మాట్లాడటం కూడా మానేశాడు. మిగిలిన రెండేళ్ళూ మేం పక్కపక్కన కూర్చునే చదువుకున్నాం.

అందుకే చెబుతున్నా. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ వాక్యం పెట్టేముందు ఈ వారం రికార్డు నీ చేత్తో నువ్వే రాయి. రీడింగు తప్పొస్తే తప్పే రాసి, ఎందుకు తప్పొచ్చిందో కింద ఒక వాక్యం చేర్చు. మంచి లెక్చరరైతే దానికే ఎక్కువ మార్కులిస్తారు. ఇవ్వకపోయినా రాయి. బాగా చదవడం కూడా ఇందులో భాగమే. ప్రార్థన ఉందని పరీక్షకు చదవకుండా వెళ్ళేవాళ్ళని చూశాను. దేవుడు దానియేలుకి తెలివి ఇచ్చాడన్న మాట నిజం, మూడేళ్ళు కూర్చుని చదివాడన్నదీ అంతే నిజం.

ప్రసాదం సంగతి ప్రతి ఏడూ వినాయక చవితికి ఎవరో ఒకరు అడుగుతారు. ఆయుధ పూజ రోజు వర్క్‌షాపులో లేతు మిషనుకి బొట్టుపెట్టి అందరికీ పంచుతారు, అప్పుడూ అడుగుతారు. సంఘాల్లో దీనిమీద ఒకే మాట లేదు. కొరింథులో ఇదే గొడవ వచ్చినప్పుడు పౌలు ఏం రాశాడో ఆ మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం నుంచి పదో అధ్యాయం వరకూ నువ్వే చదువు. విగ్రహం వట్టిదేనని తెలిసినవాణ్ణి కూడా, తన తిండి వల్ల పక్కవాడి మనస్సాక్షి దెబ్బతినకుండా చూసుకోమన్నాడాయన. నేను తీసుకోను. కానీ ఎలా తీసుకోకుండా ఉంటాననేదానికి తీసుకోకపోవడమంత విలువ ఉంది. రెండు చేతులూ జోడించి, నవ్వుతూ, "ఏమీ అనుకోకురా, నేను తినను" అంటాను. ముఖం చిట్లించను, చెయ్యి వెనక్కి లాక్కోను, వాళ్ళ దేవుణ్ణి గురించి ఒక్క మాట అనను. డిసెంబరులో మనం ఇచ్చే కేకు వాళ్ళు ఎంత ప్రేమగా తింటారో గుర్తు తెచ్చుకో. పండగ రోజు పందిట్లో కుర్చీలు మోయి, వంటకి ఉల్లిపాయలు తరుగు, మర్నాడు మైదానం ఊడ్చేవాళ్ళలో ముందుండు. పూజలో కూర్చోవు గానీ స్నేహంలో ఉన్నావని వాళ్ళకి తెలుస్తుంది.

ఒక్కడివే దీన్ని మోయలేవు. దానియేలుకి ముగ్గురున్నారు. రాజు కల చెప్పమన్నప్పుడు, గడువు అడిగి ఇంటికొచ్చి అతను ఆ సంగతి చెప్పింది వాళ్ళకే. మన రాష్ట్రాల్లో చాలా కాలేజీల్లో ఈయూ అనే క్రైస్తవ విద్యార్థుల గుంపులున్నాయి. 1954లో ఏర్పడిన యూఈఎస్ఐకి చెందినవి. విద్యార్థులే నడుపుకుంటారు, నడిపించే పాస్టరుగారంటూ ఉండరు. అలాంటిది లేకపోతే ఇద్దరితో మొదలుపెట్టు. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన, పొద్దున్న ఆరింటికి, ఇరవై నిమిషాలు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, పదహారే అధ్యాయాలు. సామెతలు ముప్ఫయ్యొక్క అధ్యాయాలు, నెలకి సరిపోతాయి. మైకు వద్దు, గట్టిగా ప్రార్థించి నిద్రపోయేవాళ్ళని లేపొద్దు. గుంపులో అమ్మాయిలూ అబ్బాయిలూ ఉంటే వెలుతురున్న చోట, నలుగురికీ కనపడేలా కూర్చోండి. మీ వల్ల ఏ చెల్లికీ మాట రాకూడదు.

పేర్లు పెడతారు. మమ్మల్ని "అల్లెలూయా బ్యాచ్" అనేవాళ్ళు, నన్నైతే "పాస్టరు" అనే పిలిచేవాళ్ళు. మొదట్లో బాధపడ్డాను. ఆక్స్‌ఫర్డ్‌లో 1729 ప్రాంతంలో చార్లెస్ వెస్లీ, జాన్ వెస్లీ అన్నదమ్ములతో కొందరు విద్యార్థులు ఇలాగే కూడేవాళ్ళు. గ్రీకు కొత్త నిబంధన చదువుకోవడం, ఉపవాసం ఉండటం, ఊళ్ళో జైలుకెళ్ళి ఖైదీలను చూసిరావడం వాళ్ళ పని. తోటివాళ్ళు "హోలీ క్లబ్" అని వెక్కిరించారు, ఒక పద్ధతి ప్రకారం బతుకుతున్నారని "మెథడిస్టులు" అన్నారు. ఆ వెక్కిరింతే చివరికి ఒక సంఘం పేరైంది. ఆ సంఘం నుంచి వచ్చిన పాస్నెట్ దొర మెదక్‌లో కట్టించిన చర్చిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. ఈసారి అటు వెళ్తే గుర్తుచేసుకో, దాని మూలం ఒక కాలేజీ గుంపులో ఉంది. ఆ గుంపు జైలుకెళ్ళేదన్నది కూడా మరిచిపోకు. మన గుంపులు నెలకొకసారైనా ప్రభుత్వాసుపత్రి వార్డుకో, బ్లడ్ బ్యాంకుకో వెళ్ళకపోతే పాటలు ఎంత బాగా పాడినా ఏదో వెలితి.

గుంపులో సందేహాలున్నవాడికి చోటు ఉండాలి. తోమా చూస్తేగానీ నమ్మనన్నాక, మిగతా శిష్యులు అతన్ని గదిలోంచి పంపేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు వచ్చినప్పుడు అతను అక్కడే, వాళ్ళతోనే ఉన్నాడు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త సింగ్ గారు మిషన్ స్కూల్లో చదివే రోజుల్లో తనకిచ్చిన బైబిలు కాగితాలు చింపేసి అట్ట మాత్రం ఉంచుకున్నారు. కెనడాలో ఇంజినీరింగు చదువుతున్నప్పుడు ఒక స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తెచ్చుకుని చదివారు. తర్వాత ఆయనే హైదరాబాద్‌లో హెబ్రోను అనే సంఘాన్ని స్థాపించారు. నీ గదిలో బైబిలంటే మండిపడేవాడి గురించి తొందరపడి ఏ తీర్పూ చెప్పకు.

ఇప్పుడు బరువైన సంగతి. తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. "సార్, నా సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఉంది. ఆదివారం బల్లలో పాల్గొంటాను. నేను అబద్ధంలో బతుకుతున్నానా?" ఇది అడిగిన పిల్లల కళ్ళు నన్ను నిద్రపోనివ్వవు. విషయం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవులైనవారు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. వాడలో ఇల్లు మారలేదు, ఊరివాళ్ళ చూపు మారలేదు, కాగితం మాత్రం మారాలంటారు. ఈ చట్టం అన్యాయమని నేను నమ్ముతాను. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన కులం చేసిన గాయం మానదు. అంటరానితనం బాధని 'గబ్బిలం'లో రాసిన జాషువా గారు క్రైస్తవ కుటుంబంలోనే పుట్టారు.

అయితే ఆ పిల్లవాడికి నేనేం చెబుతాను? ముందుగా, ఆ కాగితం నువ్వు రాయించుకున్నది కాదు, పద్ధెనిమిదేళ్ళ వయసులో మొత్తం భారం నీ నెత్తిన వేసుకోకు అంటాను. తర్వాత, ఇకమీదట నువ్వే పూర్తిచేసి సంతకం పెట్టే ప్రతి ఫారం చదివి పెట్టమంటాను. చట్టం ఏం చెబుతుందో తెలుసుకో, తెలిసిన వకీలుని అడుగు, అమ్మానాన్నలతో, నమ్మకమైన సంఘపెద్దతో కూర్చుని మాట్లాడు. నిజం వైపు నడవడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కవేసుకుని, అప్పుడు దేవుని ముందు నిర్ణయించుకో. నేను తేలికైన జవాబు చెబితే అబద్ధం చెప్పినట్టే. గుంపులోని మిగతావాళ్ళకి మాత్రం ఒకటి గట్టిగా చెబుతాను. రిజర్వేషన్ అక్కర్లేని ఇంట్లో పుట్టి, ఈ పిల్లవాణ్ణి వేలెత్తి చూపే హక్కు మీకెవరూ ఇవ్వలేదు. మన సంఘాల్లోనే పెళ్ళి సంబంధానికి కులం అడుగుతాం. ముందు ఆ సంగతి చూసుకుందాం.

ప్రేమల గురించి రెండు మాటలు. నీ విశ్వాసం పంచుకోని వ్యక్తి మీద మనసుపడితే ఆ సంగతి దాచకు, గుంపులో పెద్దవాళ్ళొకరికి చెప్పు. పెళ్ళైతే మతం మార్చేస్తాలే అని ఎవరినీ ప్రేమించకు. అది ప్రేమకీ అవమానం, విశ్వాసానికీ అవమానం.

చివరగా, కుంగిపోయినవాళ్ళ సంగతి. బ్యాక్‌లాగులు పేరుకున్నా, ప్లేస్‌మెంటు రాకపోయినా, ఇంటి దగ్గర అప్పులున్నా హాస్టల్ గదిలో ఒకడు మౌనంగా గోడవైపు తిరిగి పడుకుంటాడు. అతను మన గుంపులోవాడైతే మనం చేసే తప్పు ఒకటుంది. నీకు విశ్వాసం చాల్లేదంటాం. రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చచ్చిపోతానన్నాడు. అంతటి ప్రవక్తని దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత లేపించి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు ఇప్పించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి, మళ్ళీ తినిపించాడు. మాటలు ఆ తర్వాత, చాలా దూరం నడిచాక వచ్చాయి.

నీ వరండాలో ఎవరైనా రెండు పూటలు మెస్సుకి రాకపోతే గమనించు. ఏ మతం వాడైనా సరే. చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే రహస్యం ఉంచకు. ఒంటరిగా వదలకు, వార్డెన్‌కి చెప్పు, డాక్టరు దగ్గరికి నువ్వే వెంట తీసుకెళ్ళు. టెలీ మానస్ నంబరు 14416, ఫోన్లో ఇప్పుడే వేసుకో, తెలుగులోనే మాట్లాడతారు. మందులు వేసుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

ఈ రాత్రికైతే మెస్సుకెళ్ళి ప్లేట్లో అన్నం, పప్పు, దొరికితే ఒక గుడ్డు పెట్టించుకుని, పైన ఇంకో ప్లేటు మూసి అతని గదికి తీసుకెళ్ళు. తలుపు తియ్యకపోతే కాసేపు అక్కడే కూర్చో. తీశాక ఏమీ అడక్కు. మీ అమ్మ పంపిన పచ్చడి సీసా కూడా పట్టుకెళ్ళు. అతను తినడం అయ్యాక, వద్దనకపోతే, అప్పుడు ప్రార్థన చెయ్యి.